“గుసగుసలాడాడు” అని చివర్లో తెలిస్తే పైకి చదివేవాళ్ళు ఏం చేయాలి?

సుల్తాన్‌బజార్ పాఠకురాలు
ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకు 81 ఏళ్ళు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ ఒక్కటి కూడా వదిలేది కాదు. రెండేళ్ళుగా చూపు బాగా తగ్గింది, అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటున్నాయి అంటుంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక ఓ గంటసేపు నేను పైకి చదువుతాను, తను వింటుంది. పుస్తకాలు ఎక్కువగా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చినవే.

కళ్ళతో చదివేటప్పుడు పట్టించుకోని ఒక విషయం పైకి చదవడం మొదలుపెట్టాక రోజూ తగులుతోంది. మొన్న ఒక నవలలో ఇద్దరు అన్నదమ్ములు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటారు. “కాగితాలు ఎక్కడ పెట్టాడో నాన్నకి తప్ప ఎవరికీ తెలీదు” అనే మాట నేను గట్టిగా చదివేశాను. ఆ తర్వాత “అని చెవిలో గుసగుసలాడాడు” అని వచ్చింది. అమ్మమ్మ వెంటనే “గుసగుసా? వీధి చివరిదాకా వినిపించావు కదే” అంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మెల్లగా చదివాను.

అదే పేజీలో హుంకరించాడు, నొక్కి వక్కాణించాడు, పెదవి విరిచింది, ఆక్రోశించాడు అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను. 14 సంభాషణలుంటే “అన్నాడు” ఒక్కచోట కూడా లేదు. మీలో ఎవరైనా ఇవి గమనిస్తారా? గమనించాక కథ మీద ధ్యాస చెదరకుండా ఎలా చదువుతున్నారు?


ప్రూఫు పెన్సిలు
ఆదివారం రాత్రి 10:47

అమ్మా, నేను 26 ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. గమనించడమే నా పని కాబట్టి ఒక సంగతి చెప్తాను.

కథల పుస్తకాల్లో మేం ఎక్కువగా వదిలేసే అచ్చుతప్పు ఎక్కడ ఉండేదో తెలుసా? “అన్నాడు” దగ్గరే. “అన్నాడు సీత”, “అంది రామారావు” అని పడితే ముగ్గురు చూసినా దాటిపోయేది. ఎందుకంటే కన్ను అక్కడ ఆగదు. ఎవరు మాట్లాడారో అందుకుని వెళ్ళిపోతుంది. నా దృష్టిలో “అన్నాడు” గొప్పతనం అదే. “వక్కాణించాడు” దగ్గర నేను ఎప్పుడూ తప్పు వదల్లేదు, ఎందుకంటే అక్కడ ప్రతిసారీ ఆగాను. నేను ఆగానంటే పాఠకుడూ ఆగుతాడు.

రచయితలు ఇలా ఎందుకు రాస్తారంటే, చిన్నప్పుడు బడిలో వ్యాసం రాయిస్తూ “ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాయొద్దు” అని నేర్పుతారు. ఆ భయం పెద్దయ్యాకా పోదు.


మియాపూర్ కథలు
ఆదివారం రాత్రి 11:30

నేను రాసేవాడిని కాబట్టి రెండోవైపు చెప్పాలి. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్ళొచ్చే టైమ్‌లో ఫోన్‌లో కథలు రాస్తాను. పోయిన నెల ఒక కథ పెడితే కింద ఒకరు “ఇన్ని రకాల అనడాలు అవసరమా” అని రాశారు. కథలో చచ్చిపోయిన తండ్రి గురించి ఆ వ్యాఖ్యలో ఒక్క ముక్క లేదు, ఇది మాత్రం ఉంది. నిజంగా బాధేసింది.

“అన్నాడు, అంది, అన్నాడు, అంది” అని పేజీ అంతా వస్తే నాకు ఊపిరాడదు. “పెదవి విరిచింది” అని రాస్తే ఆమె ముఖం కనిపిస్తుంది. తెలుగులో ఇన్ని మాటలున్నాయి. కసిరింది, సణిగింది, దెప్పింది, గొణిగాడు, వాపోయాడు. ఇవన్నీ మన ఇళ్ళల్లో వాడే మాటలే కదా. వీటిని కథలో వాడకపోతే ఇంకెక్కడ వాడతాం?


అనువాదాల అక్క
సోమవారం ఉదయం 7:05

తమ్ముడూ, ఆ వ్యాఖ్య రాసినవాళ్ళు బహుశా ఇంగ్లీషులో నడిచే నియమాన్ని తెచ్చి తెలుగు మీద పెట్టారు. అది ఎక్కడిదో చెప్తాను.

అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్‌లో రచయితలకు 10 నియమాలు రాశాడు. సంభాషణ దగ్గర “సెడ్” (అన్నాడు) తప్ప ఇంకో క్రియ వాడొద్దు, ఆ “సెడ్”కి క్రియావిశేషణం తగిలించొద్దు అనేవి అందులో రెండు. అలాంటి రకరకాల క్రియల వాడకానికి అక్కడ “సెడ్ బుకిజం” అనే పేరు కూడా ఉంది. అంతకుముందే 1910లో మొదలైన టామ్ స్విఫ్ట్ అనే పిల్లల నవలల్లో ప్రతి మాటకూ “ఆత్రంగా అన్నాడు, గంభీరంగా అన్నాడు” అని ఉండేదట. తర్వాత్తర్వాత ఆ ధోరణిని అనుకరిస్తూ పుట్టిన జోకులకే టామ్ స్విఫ్టీలు అని పేరు వచ్చింది.

ఈ నియమం ఇంగ్లీషుకి ఎందుకు కావాలంటే, అక్కడ సంభాషణ పక్కన నేరుగా క్రియ వచ్చి కూర్చుంటుంది. “నవ్వాడు” అని రాస్తే మాటనే నవ్వినట్టు అవుతుంది. మాటను నవ్వడం కుదరదు కదా అని వాళ్ళ అభ్యంతరం. తెలుగులో మధ్యలో “అని” ఉంది. “ఇంకేం కావాలి? అని నవ్వాడు” అంటే మాట అన్నాడు, నవ్వాడు కూడా. “అని తలుపేసింది”, “అంటూ చెప్పులు తొడుక్కున్నాడు” అన్నా మనకేమీ ఎబ్బెట్టుగా ఉండదు. అనడం అనే పని “అని”లోనే అయిపోయింది. ఆ తర్వాత ఏ పని వచ్చినా భాష మోస్తుంది.

నాకు ఎబ్బెట్టుగా ఉండేది వేరే. ఈ మధ్య ఆన్‌లైన్ కథల్లో “అని” తీసేసి, “ఇంకేం కావాలి?” నవ్వాడతను. “నాకు తెలుసు.” భుజాలెగరేసింది ఆమె. ఇలా రాస్తున్నారు. మీరు మానాల్సింది ఏదైనా ఉంటే ఇదీ. ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది.

ఇంకోటి. “సెడ్”ని అనువాదాల్లో చాలామంది “చెప్పాడు” అంటారు. చెప్పడం వేరు, అనడం వేరు. సంగతి ఉంటే చెప్తాం, మాట అయితే అంటాం. “అబ్బా! అని చెప్పాడు” అని మన ఇంట్లో ఎవరూ అనరు.


మియాపూర్ కథలు
సోమవారం ఉదయం 8:20

అక్కా, “అని” తీసేసే అలవాటు నాకుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. రైల్లో ఉన్నాను, సాయంత్రం వివరంగా రాస్తాను.


బోడుప్పల్ మాస్టారు
సోమవారం సాయంత్రం 6:15

పాఠకురాలు గారి అసలు ప్రశ్న పైకి చదవడం గురించి. దానికి మన దగ్గర చాలా పాత జవాబు ఉంది.

భారత భాగవతాలు తీయండి. ఎవరైనా మాట్లాడబోయే ముందు “ఇట్లనియె” అని వస్తుంది. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నారో ముందే చెప్పేస్తారు. కన్నీళ్ళు తుడుచుకుని ఇట్లనియె, కోపించి ఇట్లనియె. మాట అయిపోయాక “అనిన విని”, “అని పలికిన”, “అనవుడు” అని మూత పెడతారు. అనవుడు అంటే “అలా అనగా” అని. ముందొక ద్వారబంధం, వెనకొకటి.

ఎందుకంటే ఆ కావ్యాలు ఒకరు చదువుతుంటే పదిమంది వినడానికి పుట్టినవి. తాటాకుల మీద ఈ కొటేషన్ గుర్తులు లేవు. మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెవికి తెలియాలి. పురాణం చెప్పేవాడు ముందే సిద్ధపడి, కోపమైతే కోపంగా, దుఃఖమైతే దుఃఖంగా ఎత్తుకుంటాడు. మీకు ఆసుపత్రి వరండాలో జరిగిన ఇబ్బంది ఆయనకు రాదు.

అచ్చు వచ్చాక కంటితో చదవడం అలవాటైంది. మాట ముందుకొచ్చింది, అన్నవాడు వెనక్కి పోయాడు. “వస్తాను, అన్నాడు రాజు” అని పేరును చివర పెట్టే వరస కూడా రాతలోనే ఎక్కువ. బయట మాట్లాడేటప్పుడు “రాజు వస్తానన్నాడు” అనే అంటాం.

ఇక “అని” గురించి అక్క గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. అది మనిషి మాటకే కాదు, చప్పుళ్ళకీ పనిచేస్తుంది. టకటకమని నడిచాడు, గలగలమని నవ్వింది.


ప్రూఫు పెన్సిలు
సోమవారం సాయంత్రం 6:40

మాస్టారూ, బాగా చెప్పారు. 1910 అంటే గుర్తొచ్చింది. అక్క గారు చెప్పిన టామ్ స్విఫ్ట్ మొదలైన ఏడాదే మన దగ్గర గురజాడ “దిద్దుబాటు” వచ్చింది. ఆ కథ మొదలయ్యేదే సంభాషణతో. తలుపు తీయమని పిలుపు వినిపిస్తుంది, ఎవరు పిలిచారో చెప్పే మాట పక్కన లేదు. అయినా ఎవరికీ అనుమానం రాదు. “అన్నాడు” లాంటి ట్యాగే అక్కర్లేని చోటు ఎలా ఉంటుందో చూడటానికి నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.


డెస్కు ఉద్యోగి
సోమవారం రాత్రి 11:55

డ్యూటీ అయ్యి ఇప్పుడే చూస్తున్నా. వక్కాణించడం, ఉద్ఘాటించడం కథల్లోకి మా వైపు నుంచి వచ్చి ఉంటాయి. పత్రికల్లో “అన్నారు”తో పాటు పేర్కొన్నారు, వెల్లడించారు, స్పష్టం చేశారు, ఆరోపించారు, హెచ్చరించారు వాడతాం. అవి అలంకారాలు కావు, ఒక్కోదానికి ఒక్కో బరువుంది. “వెల్లడించారు” అంటే ఆ విషయం నిజమని, ఇంతవరకు దాగి ఉందని మేం ఒప్పుకున్నట్టు. “ఆరోపించారు” అంటే ఇంకా తేలలేదని. ఒకటి వేయాల్సిన చోట ఇంకోటి వేస్తే వార్తే మారిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకు మేం మొదటి వారంలోనే నేర్పేది ఇది.

కథలో భార్యతో కాఫీ గురించి మాట్లాడేవాడు “స్పష్టం చేశాడు” అంటే నాకు ప్రెస్ మీట్ కనిపిస్తుంది.


జనగామ టు ఉప్పల్
మంగళవారం ఉదయం 9:30

మీరందరూ క్రియ గురించి మాట్లాడుతున్నారు. నాకు ఆ క్రియ తోక గురించి చెప్పాలని ఉంది.

ఇంగ్లీషు “సెడ్” రాజుకైనా కూలికైనా ఒకటే. మనకు అన్నాడు, అన్నారు, అంది, అన్నది ఉన్నాయి. పాత్రలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో అది వాళ్ళిష్టం. కానీ “అన్నాడు” రాసేది రచయిత. దొర మాట్లాడితే “అన్నారు”, జీతగాడు మాట్లాడితే “అన్నాడు” అని కథ రాశారంటే, కథ ఎవరి అరుగు మీద కూర్చుని చెప్తున్నారో నాకు తెలిసిపోతుంది. జీతగాడి బాధ గురించే కథ రాసి, ట్యాగ్ దగ్గర మాత్రం దొరకే గౌరవం ఇచ్చిన కథలు చదివాను. మా నాయిన జీతం ఉన్నోడు. నేను ఆ “అన్నాడు” దగ్గర ఆగిపోతా. మీకు వక్కాణించాడు దగ్గర తగిలే రాయి నాకు అక్కడ తగులుతుంది.

రెండోది యాస. పాత్రలు తెలంగాణ మాట మాట్లాడతాయి. “ఏడికి వోతున్నవ్ బిడ్డా” అని ఉంటుంది, పక్కనే “అని ప్రశ్నించాడు”. అంటే మాట మా ఊళ్ళో పుట్టింది, దాన్ని మోసుకొచ్చినోడు వేరే ఊరు నుంచి వచ్చి మా మాటను చూపుడు వేలితో చూపిస్తున్నట్టు. నేను రాసే కథల్లో “అన్నడు, అన్నది” అనే రాస్తా. ఒక పత్రికకు పంపితే సంభాషణలు అలాగే ఉంచి, ట్యాగులన్నీ “అన్నాడు” చేసి వేశారు. వాళ్ళకు అది దిద్దుబాటు. నాకు మాత్రం కథ చెప్పే మనిషిని మార్చేసినట్టయింది.


బోడుప్పల్ మాస్టారు
మంగళవారం ఉదయం 10:10

ఇది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. వ్యాకరణం చెప్పేవాడిగా దానికి ఇంకో సంగతి కలపాలి. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ పశుపక్ష్యాదులకీ క్రియ ఒకటే. పిల్లి పోయింది, పిల్ల పోయింది. “అంది” కూడా అంతే. మగవాడికి “డు” ఉంది, స్త్రీకి వేరుగా లేదు. అందుకే ఒక పెద్దావిడ పాత్రకు “అంది” రాయాలా, “అన్నారు” రాయాలా అని రచయితలు తడబడతారు.


ప్రూఫు పెన్సిలు
మంగళవారం ఉదయం 10:32

జనగామ తమ్ముడూ, ఆ “అన్నడు”లని “అన్నాడు” చేసిన చేతుల్లో నాది కూడా ఒకటి అయి ఉండొచ్చు. మీ కథ కాదు గానీ అలాంటివి చాలా దిద్దాను. అప్పట్లో అచ్చుతప్పు అనుకునేవాళ్ళం. మీరు రాసింది చదివి చాలాసేపు కూర్చున్నాను.


జనగామ టు ఉప్పల్
మంగళవారం మధ్యాహ్నం 1:15

ఈ మాట అన్నందుకు థాంక్స్ సార్. మనసు తేలికైంది.


పాతబస్తీ పిల్లగాడు
మంగళవారం రాత్రి 9:05

హైదరాబాద్ కథల్లో ఇంకో ట్యాగ్ ఉంది, ఎవరూ చెప్పలేదు. “అని ఉర్దూలో అన్నాడు.” చార్మినార్ దగ్గర గాజులమ్మే అతను వస్తే చాలు, ప్రతి మాటకూ ఇది తగిలిస్తారు. ఒక్కసారి చెప్తే సరిపోతుంది. ఆ తర్వాత మాటలో ఒక “నక్కో” (వద్దు), ఒక “హౌ” (అవును) వేస్తే చదివేవాళ్ళు ఆ గొంతులోనే వింటారు.

మా ఇంట్లో దక్కనీ మాట్లాడతాం. మీరంతా “అని” గురించి రాస్తుంటే ఒకటి గుర్తొచ్చి చాలా సంతోషం వేసింది. మా దక్కనీలో “బోల్కే” అనే మాట అచ్చం మీ “అని”లాగే పనిచేస్తుంది. “ఆతూఁ బోల్కే బోల్యా” అంటే “వస్తానని అన్నాడు”. “చాంద్ బోల్కే ఏక్ ఛోరా” అంటే “చాంద్ అని ఒక పిల్లాడు”. ఢిల్లీ వైపు చుట్టాలు వచ్చినప్పుడు ఈ “బోల్కే” ఎందుకు అని అడుగుతారు. తెలుగు పక్కన నాలుగు వందల ఏళ్ళు బతికిన భాష కదా, ఆ వరస వచ్చేసింది.


అనువాదాల అక్క
మంగళవారం రాత్రి 9:20

బోల్కే! రోజూ కూరగాయల బండి దగ్గర వింటూ ఎప్పుడూ గమనించలేదు. ఈ ఒక్క పోస్టు కోసమే ఈ చర్చ దాచుకుంటాను.


మియాపూర్ కథలు
మంగళవారం రాత్రి 10:40

మాట ఇచ్చినట్టు నా కథలోంచి ఒక ముక్క పెడుతున్నాను. తండ్రి ఆసుపత్రి నుంచి రాడని తెలిసిన రాత్రి, తల్లీ కొడుకూ వంటింట్లో ఉంటారు.

“అన్నం తిన్నావా?” ప్రశ్నించింది అమ్మ.
“ఆకలి లేదు.” ముక్తసరిగా బదులిచ్చాడు వాడు.
“కొంచెం తిను.” బతిమాలింది.
“వద్దన్నానా!” ఖస్సుమన్నాడు.
“రేపటి నుంచి రెండు గ్లాసులే బియ్యం పోస్తాను.” వెక్కింది అమ్మ.

దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.


ప్రూఫు పెన్సిలు
మంగళవారం రాత్రి 11:10

చివరి వాక్యం చాలా మంచి వాక్యం బాబూ. రెండు గ్లాసుల బియ్యంలో మొత్తం ఉంది. దాని ముందు నాలుగు క్రియలు వాయిద్యాల్లా మోగాయి కాబట్టి, అది వచ్చేసరికి చెవి అలిసిపోయింది. “ప్రశ్నించింది” అక్కర్లేదు, ప్రశ్న గుర్తు ఉంది. ఇద్దరే ఉన్నారు, ఎవరి మాట ఎవరిదో తెలుస్తూనే ఉంది. “వద్దన్నానా” అన్న మాటలోనే ఖస్సుమనడం ఉంది.


అనువాదాల అక్క
మంగళవారం రాత్రి 11:25

“వెక్కింది” కూడా ముందుకి తెస్తే? అమ్మ కళ్ళు తుడుచుకుని, “రేపటి నుంచి...” అని. మాస్టారి ఇట్లనియె పద్ధతిలో.


మియాపూర్ కథలు
మంగళవారం రాత్రి 11:40

అది మాత్రం నేను ఒప్పుకోలేను అక్కా. అమ్మ మామూలుగా బియ్యం గురించి మాట్లాడుతోందనే అనుకోవాలి. మాట అయ్యాకే ఏడుస్తోందని తెలియాలి. తెలియకుండా చదవడమే నాకు కావాలి. కళ్ళు తుడుచుకోవడం ముందే చెప్తే ఆ దెబ్బ పోతుంది.

మిగతావి మాత్రం మార్చాను:

“అన్నం తిన్నావా?” అంది అమ్మ.
“ఆకలి లేదు.”
“కొంచెం తిను.”
“వద్దన్నానా!”
అమ్మ డబ్బా మూత తీసి చాలాసేపు చూసింది. “రేపటి నుంచి రెండు గ్లాసులే బియ్యం పోస్తాను” అని వెక్కింది.


జనగామ టు ఉప్పల్
బుధవారం ఉదయం 8:00

ఇదే ఉంచు తమ్మీ. ఇంక ముట్టుకోకు.


సుల్తాన్‌బజార్ పాఠకురాలు
బుధవారం రాత్రి 10:50

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్స్.

రెండు సంగతులు చెప్పాలి. మాస్టారు చెప్పాక, చదివే ముందు పేజీ మీద ఒకసారి కళ్ళు పరిగెత్తించి, గొణిగాడు, గుసగుసలాడింది లాంటివి కనిపిస్తే పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటున్నాను. చుక్క చూడగానే గొంతు తగ్గిస్తాను. కొన్నిసార్లు పేరునే ముందుకి తెచ్చి చదువుతున్నాను, “తమ్ముడు చెవిలో అన్నాడు” అని మొదలుపెట్టి తర్వాత మాట. అమ్మమ్మకి హాయిగా ఉందట. మరీ పెద్ద మాటలు, ఆ వక్కాణించడాలు, మాత్రం “అన్నాడు” చేసి చదివేస్తున్నాను. రచయితకు అన్యాయం చేస్తున్నానేమో అని కొంచెం గిల్టీగా ఉంది, మీరు ఏమంటారో చెప్పండి.

రెండోది మియాపూర్ గారికి. మీరు మార్చిన ముక్కను రాత్రి అమ్మమ్మకి చదివి వినిపించాను. చివరి మాట దగ్గర చుక్క పెట్టుకోలేదు, మామూలుగానే చదివాను. “అని వెక్కింది” అన్నాక అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి “ఇంకోసారి చదువు” అంది. చదివాను. “మీ తాతయ్య పోయినప్పుడు నేనూ కొలత తగ్గించడం మర్చిపోయి మూడు రోజులు అన్నం మిగిల్చాను” అంది.

మిగతా కథ ఎక్కడుందో లింకు పెట్టండి. తను అడుగుతోంది.